గురికాండ్రకు తూటాలు

2024 పారిస్ ఒలింపిక్ క్రీడలయందు స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిలు పోటీలో కాంస్యపతకము నార్జించినందులకు మనవారు హర్షించిరి, హర్షింపవలసినదే. ఆ గురిపటమున పది పాయింట్ల వలయము వ్యాసము 10.4 మిల్లీమీటర్లు, రెండు కందిగింజలు ప్రక్కప్రక్కన నిడినంత!

300 మీటర్ల గురికి పాశ్చాత్యులు కొందఱు ఇత్తడి గొట్టమున మందు తామే తూచి పోసి తమ తుపాకికి దగిన తూటా కట్టుకొందురు. ఈ చిన్న తూటా కా వీలు లేదు. నిప్పుమందు దాని యంచుననే యుండును. దెబ్బకు అంచు నలగిపోవును, మరల నింపరాదు. కనుక వేర్వేరు తయారీల తూటాలు కాల్చి చూచి, గుండ్లన్నియు ఒకచోటనే దిగుదానిని ఏరుకొనుటయే గతి. ఏరుటకే పెట్టెలకు పెట్టెలు వ్యయమగును. పేదయింటి బాలున కిది యెట్లు సాధ్యము?

పతకము వచ్చిన పిదప ప్రభుత్వము లొసగు బహుమానములలో కొంత ముందుగానే, పరీక్షతూటాల రూపమున, రైఫిలు సంఘములకు చేర్పవలెనని మేము కోరుచున్నాము.