గ్రాంటు దరఖాస్తులో నా పేరు



పోయిన జుమా నమాజు తర్వాత మేం నలుగురం ఒక దరఖాస్తు ముందేసుకుని కూర్చున్నాం. చిలకలూరిపేటలో నషా మానాలనుకునేవాళ్ల కోసం చిన్న సెంటరు పెట్టాలని మా అంజుమన్ ఇరాదా. సొసైటీ రిజిస్ట్రేషన్ ఉంది, పాన్ కార్డు ఉంది, మూడేళ్ల ఆడిట్ హిసాబ్ ఉంది. 'ఈ పనిలో మీ అనుభవం ఏమిటి?' అన్న గడి దగ్గర కలం ఆగింది. అందరూ నా వైపు చూశారు.

ఎందుకంటే నేను తొమ్మిదేళ్లు తాగాను. జిన్నింగు మిల్లులో వారం కూలి ఇంటికి చేరేది కాదు. అమ్మీ గొలుసు కుదువకి పోయి మళ్లీ రాలేదు. మానేసి పదకొండేళ్లయింది, అల్‌హందులిల్లాహ్. మొహల్లాలో పాతవాళ్లకి ఇదంతా తెలుసు, కొత్తవాళ్లకి తెలియదు. ఇంట్లో బేటీకి రిష్తాలు చూస్తున్నాం. "ఆ సంగతి ఇప్పుడు కాగితం మీదికెందుకు జీ?" అంది మా బీబీ. ఆమె భయం గలత్ అనను. అయినా రాయాలనే నా మాట.

మత్తు విడిపించే కేంద్రాలు నడిపే స్వచ్ఛంద సంస్థలకి కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ గ్రాంటు ఇస్తుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ లాభంలో 2 శాతం సమాజం పనులకి ఖర్చుపెట్టాలి. దర్పణ్ నంబరు, 12ఏ, 80జీ కాగితాలు మనల్ని తలుపు దాకా తీసుకెళ్తాయి. లోపల అడిగేది వేరు: మీకేం తెలుసు, ఈ డబ్బుతో ఏం చేస్తారు?

మా దగ్గర బిల్డింగు లేదు, పెద్ద డాక్టర్లు లేరు. తజుర్బా ఉంది. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మొదటి రోజులు డాక్టరు చేతిలోనే ఉండాలి. అసలు గండం సెంటరు నుంచి ఇంటికొచ్చాక మొదటి కూలి రోజు సాయంత్రం. అందుకే ఆ సాయంత్రం ఇంటికి ఒక మనిషిని పంపే ఖర్చు బడ్జెట్లో రాశాం. సెంటరుకి రాలేని ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి మాట్లాడే ఒక బెహన్ జీతం రాశాం. ఇవి మాకు ఏ కన్సల్టెంటూ చెప్పలేదు. తజుర్బా అంటే కన్నీళ్లు కాదు, ఇలాంటి ఖర్చు ఎక్కడ పడాలో తెలిసుండటం.

చెన్నై సంగతి చూడండి. కేంద్ర ఆర్థిక మంత్రిగా చేసిన టి.టి. కృష్ణమాచారి ఖాందాన్ చిన్నది కాదు. ఆయన మనవడు రంగనాథన్ తాగుడు వల్ల 1979లో చనిపోయారు. ఆయన భార్య శాంతి రంగనాథన్ 1980లో మత్తు రోగుల కోసం సంస్థ పెట్టారు. దానికి పెట్టిన పేరు టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్. ఇజ్జత్ కోసం ఏ పేరు దాచాలని అందరూ అనుకుంటారో, ఆ పేరే బోర్డు మీద రాశారు. 1992లో ఆమెకి పద్మశ్రీ వచ్చింది.

మనవాళ్లు ఒక మాట అంటారు: షరాబ్ హరామ్, తన గునాహ్‌ని తానే బయటపెట్టుకోకూడదు కదా అని. నిజమే. గునాహ్‌ని గొప్పగా చెప్పుకోవడం హరామే. తౌబా చేసినవాడు ఇంకొకరికి రాస్తా చూపించడానికి అవసరమైనంత చెప్పడం వేరు. నేనూ అంతే రాశాను. ఎక్కడ తాగానో, ఎవరితో తాగానో రాయలేదు.

కానీ నా కథ నాది, పక్కవాడిది అమానత్. దరఖాస్తులు రాసిపెట్టే ఒకాయన "ఏడుస్తున్న ఆడవాళ్ల ఫోటో పెట్టండి, పైసలు తొందరగా వస్తాయి" అన్నాడు. వద్దన్నాం. ఆ ఫోటో రేపు ఆమె పిల్లల స్కూల్లో తిరుగుతుంది. డబ్బిచ్చేవాళ్ల ముందు మనిషిని తమాషా చేసి తెచ్చిన గ్రాంటులో బర్కత్ ఉండదు.

ఇంకోటి. మానేసినవాణ్ణి స్టేజీ ఎక్కించి గవాహీ చెప్పించుకుని, హిసాబ్ రాసేటప్పుడు బయట కూర్చోబెట్టడం మన కమిటీలకి అలవాటు. అలా కాదు. కమిటీలో కనీసం ఇద్దరు మానేసినవాళ్లు ఉండాలి, చెక్కు మీద ఒకరి దస్తఖత్ ఉండాలి. అలాగని నేను మానేశాను కాబట్టి నేనే హకీమ్‌ని అనుకోవడమూ గలతే. డాక్టరు పని డాక్టరుదే, ఆడిటరు పని ఆడిటరుదే.

ఆ రాత్రి దరఖాస్తు బేటీకి చూపించాను. చదివి, "అబ్బా, పదకొండేళ్లు అని అంకెల్లో కూడా రాయండి" అంది. రాశాను. గ్రాంటు వస్తుందో రాదో అల్లాహ్‌కే తెలుసు.

మీ మొహల్లాలోనూ మానేసి మౌనంగా తిరిగే మనిషి ఒకరుంటారు. కమిటీ వేసేటప్పుడు ముందు ఆయన్ని పిలవండి. ఇంకా మానలేనివాళ్లు ఇంట్లో ఉంటే, 14446 కి ఫోన్ చేయండి. పైసా ఖర్చు లేదు.