గోనెగుడ్డల చలువ

ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణంలోని అడిలైడ్ హౌస్ 1926లో మధ్య ఆస్ట్రేలియాకు తొలి ఆస్పత్రిగా మొదలై, 1939లో ప్రభుత్వ ఆస్పత్రి రావడంతో ఆ బాధ్యత వదులుకొని, కొంతకాలం బాలింతలకు విశ్రాంతి గృహంగా నడిచి, చివరకు ప్రదర్శనశాల అయింది. పాత ఆస్పత్రుల్లో వెలసే ప్రదర్శనశాలల్లో ఇనుప మంచాలు, వెలిసిపోయిన ఫొటోలు ఎలాగూ కనిపిస్తాయి. ఇక్కడ చూడవలసిన అసలు వస్తువు మాత్రం ఆ భవనమే.

అవుట్‌బ్యాక్ అంటే తీర నగరాలకు ఎడంగా, ఖండం లోపల జనం పలచగా ఉండే పొడినేల. అక్కడ వేసవి 40 డిగ్రీలు దాటడం మామూలే గనుక, ఈ కట్టడానికి రూపకల్పన చేసిన క్రైస్తవ మతబోధకుడు జాన్ ఫ్లిన్ దాని అడుగున ఒక సొరంగం పెట్టించాడు. అందులో తడిపి ఉంచిన గోనెగుడ్డల గుండా సాగిన గాలి, నీటిని ఆవిరి చేయడంలో తన వేడిని కోల్పోయి, గొట్టాల దారిన గదుల్లోకి చేరేది. గదుల్లోని వేడిగాలి పైకప్పు మీద ఎత్తుగా లేపిన చిన్న కప్పు సందుల్లోంచి బయటపడుతూ, కింది చల్లగాలిని పైకి లాగేది. గుమ్మాలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లుకున్న తెలుగు ఇళ్ళకు ఈ సూత్రం కొత్తదేమీ కాదు, కాకపోతే ఫ్లిన్ దాన్ని నేల కిందికి దించాడు.

ఆల్ఫ్రెడ్ ట్రేగర్ 1926లో ఫ్లిన్‌తో కలిసి రేడియో ప్రయోగాలు చేసింది ఈ ఆస్పత్రి వెనక షెడ్డులోనే. తరవాత ట్రేగర్, కాళ్ళతో తొక్కితే కరెంటు పుట్టే పెడల్ రేడియోను తయారుచేశాడు. వైద్యుణ్ణి విమానంలో రోగి దగ్గరికే పంపే సేవ 1928లో క్వీన్స్‌లాండ్‌లోని క్లాంకరీలో ప్రారంభమైంది గాని, కబురందే మార్గం లేనప్పుడు డాక్టరుకు రెక్కలుండి ఏం లాభం?

ఇంత తెలివైన ఏర్పాటు ఎవరి కోసమన్న ప్రశ్నను ప్రదర్శనశాల దాటవేయకూడదు. ఈ ఆస్పత్రిని నెలకొల్పిన, ఫ్లిన్ 1912 నుంచి నడిపిన ఇన్‌లాండ్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ తెల్లవారి అవసరాలు చూసిందే తప్ప ఆదిమవాసులను పట్టించుకోలేదని డాక్టర్ చార్లెస్ డ్యూగిడ్ 1930లలోనే ఆరోపించాడు. ఆ విమర్శకు సొరంగం పక్కనే చోటివ్వడం న్యాయం. 1951లో ఫ్లిన్ మరణించాక, ఆదిమవాసులకు పవిత్రమైన కార్లు కార్లు స్థలం నుంచి ఒక బండను తెచ్చి ఆయన సమాధి మీద నిలబెట్టారు. ఎన్నో ఏళ్ళ అభ్యర్థనల తరవాత 1999లో దాన్ని తిరిగి పంపగా, ఆలిస్ స్ప్రింగ్స్ నేలకు హక్కుదారులైన అరంట ప్రజలే దానికి బదులుగా మరో బండ ఇచ్చారు. ఆ సమాధి పట్టణానికి పడమర, కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది కాబట్టి, అడిలైడ్ హౌస్ చూసినవారు అదే పూట అక్కడికీ వెళ్ళడం మంచిది.