దేవసేనను ఎవరడిగారు?

పాతబస్తీలో మా మీటింగుల్లో సినిమాల మాట వస్తే 'బాహుబలి' రెండో భాగం రాక మానదు. అందరికీ నచ్చే సీను ఒకటే. గుడి దగ్గర ఆడవాళ్ళ ఒంటిమీద చేతులు వేస్తున్న సేతుపతి వేళ్ళను దేవసేన కత్తితో నరికేస్తుంది. బస్సుల్లో, బజార్లలో ఆ చేతుల్ని భరించినవాళ్ళం కదా, మనకూ చప్పట్లు కొట్టాలనిపిస్తుంది.

2015లో మొదటి భాగం వచ్చినప్పుడు ఇలా లేదు. కత్తి పట్టి పోరాడే అవంతికను శివుడు ఆమె ఇష్టంతో పని లేకుండా పై బట్టలు లాగి, జుట్టు విప్పి, కాటుక దిద్ది 'ఆడదాన్ని' చేశాడు. విమర్శకురాలు అన్నా వెట్టికాడ్ దాన్ని అత్యాచారమనే రాసింది. రాసినందుకు తిట్లు తిన్నది. సినిమాకేమో జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది.

2017 ఏప్రిల్‌లో రెండో భాగం విడుదలయ్యాక, దేవసేన పాత్రతో రాజమౌళి ఆ తప్పు దిద్దుకున్నాడని కొందరు మెచ్చుకున్నారు. నేను ఒప్పుకోలేను. వేళ్ళు నరికినందుకు గర్భవతి దేవసేనను బేడీలతో సభలో నిలబెడతారు. భర్త వచ్చి, నరకాల్సింది వేళ్ళు కాదంటూ సేతుపతి తల నరుకుతాడు. ఆమె మొదలుపెట్టిన న్యాయాన్ని పూర్తి చేసిన ఘనత అతనికి దక్కింది. ఇక అవంతిక చివరి యుద్ధంలో అలా మెరిసి మాయమవుతుంది. ఆమెకు జరిగినదాని గురించి ఒక్క మాట లేదు.

నాకు కత్తి సీనుకన్నా విలువైనది మరొకటి ఉంది. శివగామి నగలు, కానుకలు పంపి దేవసేనను కోడలిగా ఖాయం చేసుకుంటుంది. కాదంటే బందీగా తెమ్మంటుంది. ఆజ్ఞ ఇచ్చింది కూడా ఆడదే, గమనించండి. పిల్ల ఇష్టం అడగకుండా పెళ్ళి ఎలా నిర్ణయిస్తారని దేవసేన నిండు సభలో నిలదీస్తుంది. పత్రికల్లో పొగడ్తలన్నీ యుద్ధాలకూ గ్రాఫిక్సుకూ పోయాయి. ఈ ప్రశ్న దగ్గర ఆగినవాళ్ళు తక్కువ.

పాతబస్తీలో మాత్రం ఆగాల్సిందే. 1991లో ఇక్కడి పదేళ్ళ పిల్లను పెళ్ళి పేరుతో తీసుకుపోతున్న అరవై ఏళ్ళ సౌదీ షేకును విమానంలో ఒక ఎయిర్ హోస్టెస్ పట్టించింది. ఈ సినిమా వచ్చిన ఏడాదే, సెప్టెంబరులో, ఇలాంటి పెళ్ళిళ్ళ కేసులో హైదరాబాద్ పోలీసులు అరబ్బు దేశాలవాళ్ళనూ, ఖాజీలనూ, దళారులనూ అరెస్టు చేశారు. నికాహ్‌కు పిల్ల ఒప్పుకోలు ఉండాలని షరియత్తే చెబుతుంది. అది వాళ్ళ సమస్యలే అని తోసేసే అక్కలకు ఒక మాట: మన పెళ్ళిచూపుల్లో మనల్ని ఎవరడిగారు?

మొన్నటి మీటింగులో ఒక పెద్దామె సినిమా కథంతా విని, "లడ్కీకు కౌన్ పూఛా?" అన్నది. పిల్లనెవరడిగారు అని. వచ్చే నెల వేళ్ళు నరికే సీను పక్కనపెట్టి, ఆ సభ సీను వేసి మాట్లాడుకోవాలనుకున్నాం.