16 ఎంబీ గీత దాటాక తిరిగి లేవని పెట్టెలు

ఇంట్లో రూటర్ మొరాయిస్తే కస్టమర్ కేర్ నుంచి వచ్చే మొదటి సలహా ఒకటే: ప్లగ్ పీకి, కాసేపాగి మళ్లీ పెట్టండి. చాలాసార్లు పెట్టె లేచి కూర్చుంటుంది కూడా. కానీ కొన్ని పెట్టెల విషయంలో ఒక వింత ఉంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి రీబూట్ నొక్కితే అవి చచ్చినట్టు పడి ఉంటాయి. పవర్ లైటు వెలుగుతుంది, సీరియల్ కేబుల్ తగిలించి చూస్తే పెట్టెను లేపే బూట్‌లోడర్ ప్రోగ్రామ్ నుంచి ఒక్క అక్షరం రాదు. అదే పెట్టెకు కరెంటు తీసి ఇస్తే మామూలుగా పనిచేస్తుంది. దీనికి తరచూ కారణమయ్యేది ఫ్లాష్ మెమరీ చిప్‌లో ఉండే ఒకే ఒక్క బిట్. ఆ బిట్ చుట్టూ లైనక్స్ కెర్నల్‌లో ఏళ్ల తరబడి నడిచిన పని, మన దగ్గర హార్డ్‌వేర్ కొనేవాళ్లూ తయారుచేసేవాళ్లూ తెలుసుకోవాల్సిన పాఠం.

రూటర్లు, సెట్‌టాప్ బాక్సులు, ఫ్యాక్టరీ కంట్రోలర్లలో బూట్‌లోడర్ ఉండేది సాధారణంగా ఎస్‌పీఐ నార్ ఫ్లాష్ అనే చిన్న చిప్‌లో. చాలా వాటికి ఎనిమిది కాళ్లే. చిరునామా కోసం విడిగా తీగలు ఉండవు. ప్రాసెసర్ ముందు ఒక బైట్ కమాండ్ పంపుతుంది, తర్వాత మూడు బైట్ల చిరునామా పంపుతుంది, ఆ వెంటనే డేటా రావడం మొదలవుతుంది. మూడు బైట్లంటే 24 బిట్లు. వాటితో చేరగలిగేది 1,67,77,216 బైట్లు, అంటే సరిగ్గా 16 ఎంబీ. లైనక్స్‌లో ఈ చిప్‌ల తొలి డ్రైవర్ పేరు ఎమ్25పీ80. ఏ చిప్ పేరు దానికి పెట్టారో దాని సామర్థ్యం 1 ఎంబీ. ఆ రోజుల్లో 16 ఎంబీ అంటే ఎవరికీ అందని దూరం.

సాఫ్ట్‌వేర్ పెరిగింది, 32 ఎంబీ చిప్‌లు వచ్చాయి. నాలుగో బైట్ కావాల్సి వచ్చింది. తయారీదారులు రెండు దారులు చూపించారు. ఒకటి, చిప్‌కు బీ7 అనే కమాండ్ ఇస్తే అది లోపల ఒక బిట్ మార్చుకుని (మొదట చెప్పిన బిట్ ఇదే) నాలుగు బైట్ల మోడ్‌లోకి వెళ్తుంది, ఈ9 ఇస్తే వెనక్కి వస్తుంది. పాత కమాండ్లు అలాగే ఉంటాయి, అర్థం మాత్రం మారుతుంది. రెండోది, నాలుగు బైట్లకు వేరే కమాండ్లు: చదవడానికి 03 బదులు 13, రాయడానికి 02 బదులు 12. ఇందులో చిప్ ఏ మోడ్‌నూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఎన్ని బైట్లో కమాండే చెబుతుంది.

చిక్కంతా మొదటి దారిలో ఉంది. డ్రైవర్ బీ7 పంపింది, కెర్నల్ హాయిగా నడుస్తోంది. ఈలోగా రీబూట్ అయింది. ప్రాసెసర్ మాత్రమే రీసెట్ అవుతుంది, ఫ్లాష్‌కు కరెంటు పోదు. ప్రాసెసర్ లోపల చెక్కి ఉన్న బూట్ రామ్ (ROM) అనే తొలి కోడ్‌కు తెలిసింది మూడు బైట్ల భాషే. అది మూడు బైట్లు పంపి డేటా కోసం చూస్తుంది. చిప్ నాలుగో బైట్ కోసం చూస్తుంది. డేటా రావాల్సిన క్లాక్ పల్స్‌లను చిరునామాగా మింగేస్తుంది. దాంతో అడిగిన చిరునామా 256 రెట్లు అయిపోతుంది, వచ్చే డేటా ఒక బైట్ ఆలస్యంగా వస్తుంది. సున్నా చిరునామా దగ్గర ఒక బైట్ జరగడమే, ఆపైన అడిగినదేదీ అడిగిన చోటు నుంచి రాదు. బూట్ రామ్‌కు అది చెత్త. అక్కడే ఆగిపోతుంది.

డ్రైవర్ రాసేవాళ్లు తట్టిన మొదటి ఉపాయం చేశారు: షట్‌డౌన్ అయ్యేటప్పుడు ఈ9 పంపి చిప్‌ను వెనక్కి తేవడం. అదీ అంత తేలిక కాలేదు. విన్‌బాండ్ వారి డబ్ల్యూ25క్యూ256ఎఫ్‌వీ చిప్‌లో పై చిరునామా బైట్ కోసం ఒక రిజిస్టర్ ఉంది. నాలుగు బైట్ల మోడ్‌లో చివరిగా ఏ చోటు చదివితే దాని పై బైట్ అందులో ఉండిపోతుంది. మూడు బైట్లకు తిరిగొచ్చాక ఆ రిజిస్టర్ అమల్లోకి వస్తుంది. అంటే చివరి చదువు 16 ఎంబీ పైన జరిగి ఉంటే, బూట్ రామ్ సున్నా అడిగినప్పుడు చిప్ 16 ఎంబీ దగ్గరి డేటా ఇస్తుంది. పరీక్షల్లో పది సార్లు బాగా లేచి, పదకొండోసారి లేవని రకం బగ్ ఇది. వెనక్కి వచ్చేటప్పుడు ఆ రిజిస్టర్‌ను కూడా సున్నా చేసే మార్పును 2018లో డెవలపర్ నీల్ బ్రౌన్ కెర్నల్‌కు అందించారు.

ఇన్ని చేసినా ఒక దానికి మందు లేదు. కెర్నల్ ప్యానిక్ అయి కుప్పకూలినప్పుడు, యంత్రం బిగుసుకుపోయిందని వాచ్‌డాగ్ టైమర్ హఠాత్తుగా రీసెట్ కొట్టినప్పుడు డ్రైవర్‌కు చివరి మాట చెప్పే అవకాశమే ఉండదు. వాచ్‌డాగ్ ఉన్నదే యంత్రాన్ని కాపాడటానికి, ఇక్కడ అదే దాన్ని కరెంటు తీసి ఇచ్చేదాకా పడుకోబెడుతుంది. అందుకే అదే ఏడాది మరో డెవలపర్ బ్రయాన్ నోరిస్ ఒక గట్టి నిర్ణయం ప్రవేశపెట్టారు. ప్రాసెసర్‌తో పాటు ఫ్లాష్‌నూ రీసెట్ చేసే తీగ లేని బోర్డు అయితే, దాని వివరాల ఫైల్‌లో ‘బ్రోకెన్ ఫ్లాష్ రీసెట్’ అని రాసి ఒప్పుకోవాలి. అప్పుడే కెర్నల్ షట్‌డౌన్‌లో చిప్‌ను వెనక్కి తెచ్చే ఈ అతుకు పని చేస్తుంది, అనుకోని రీబూట్ నుంచి తేరుకోకపోవచ్చని లాగ్‌లో హెచ్చరిక కూడా వేస్తుంది. కఠినంగా కనిపించినా ఇది సరైన పద్ధతి. సాఫ్ట్‌వేర్ గుట్టుచప్పుడు కాకుండా సర్దుకుపోతే బోర్డు డిజైన్ చేసినవాడికి తప్పు ఎప్పటికీ తెలియదు.

మరి వేరే కమాండ్ల దారి ఎందుకు అందరూ పట్టలేదు? అక్కడ బాధ్యత చిప్ కంపెనీలది. పైన చెప్పిన ఎఫ్‌వీ చిప్ నాలుగు బైట్ల కమాండ్లన్నింటినీ అర్థం చేసుకోదు, దాని తర్వాతి జేవీ రకం చేసుకుంటుంది. రెండింటికీ గుర్తింపు సంఖ్య మాత్రం ఒకటే! మాక్రోనిక్స్ అనే మరో కంపెనీ కూడా ఒక 32 ఎంబీ చిప్ రెండు రకాలకూ ఒకే సంఖ్య ఇచ్చింది. జెడెక్ సంస్థ 2011లో తెచ్చిన జేఈఎస్‌డీ216 ప్రమాణం ప్రకారం చిప్ తన సామర్థ్యాలను తనలోనే పట్టికగా దాచుకుంటుంది. కెర్నల్ ఆ పట్టిక వెర్షన్ సంఖ్య చూసి ఎఫ్‌వీనో జేవీనో ఊహించాల్సి వస్తోంది. గుర్తింపు సంఖ్య ఉన్నదే గుర్తుపట్టడానికి. దాన్ని మళ్లీ వాడటం డ్రైవర్ రాసేవాళ్లపై మోపిన అన్యాయమైన బరువు.

ఇది రూటర్లకే పరిమితం కాదు. పరిశ్రమల్లో విరివిగా వాడే జైలింక్స్ జింక్-7000 చిప్‌లోని బూట్ రామ్‌కూ ఇదే మూడు బైట్ల పరిమితి. 16 ఎంబీ దాటిన ఫ్లాష్ పెడితే రీసెట్ సమయంలో ఆ ఫ్లాష్‌ను కూడా రీసెట్ చేసే ఏర్పాటు ఉండాలని తయారీదారే చెప్పింది. ఇప్పుడు ఏఎండీలో భాగమైన ఆ కంపెనీకి హైదరాబాద్‌లో పెద్ద డెవలప్‌మెంట్ సెంటర్ ఉంది. ఇలాంటి బోర్డుల మీద రోజూ పనిచేసే ఇంజనీర్లు మన మధ్యే ఉన్నారు.

ఇంట్లో పెట్టె అయితే ప్లగ్ పీకడానికి మనిషి ఉంటాడు. ఊరి చివర టవర్ మీద, సబ్‌స్టేషన్‌లో, పొలం గట్టున సెన్సర్ పెట్టెలో ఎవరుంటారు? ఇలాంటి పరికరాలను వేల సంఖ్యలో కొనే ప్రభుత్వ శాఖలు టెండర్ పత్రంలో ఒక్క షరతు చేర్చాలి: ఫ్లాష్‌లో 16 ఎంబీ పైభాగాన్ని చదువుతుండగా వాచ్‌డాగ్‌తో రీసెట్ కొట్టి, కరెంటు తీయకుండా పెట్టె లేస్తుందని చూపించాలి. డిజైన్ దశలోనే ఫ్లాష్‌కు రీసెట్ తీగ వేసిన బోర్డు ఈ పరీక్ష నెగ్గుతుంది. ఆ తీగ వేయకుండా మోడ్ మార్చే దారి మీదే ఆధారపడ్డ బోర్డును ఏ డ్రైవరూ పూర్తిగా కాపాడలేదు.