మొదటి సంచిక నుంచే చదవాలా?

ఎప్పుడూ తాతముత్తాతల సంగతులు, పాత దస్తావేజులు, అవ్వల వంటలు రాసే మేము ఈసారి బొమ్మల కథల గురించి రాస్తుంటే ఇదేందిరా అనుకోవద్దు. చివరికి మన ఇంటి సంగతికే వస్తాము.

సాత్తూరు పక్క కరిసల్ నేల మాది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు మాకు పెద్దయ్యాక వచ్చినవే. కాబట్టి చిన్నప్పుడు మేము ఎరిగిన వీరులంతా తమిళంలోనే మాట్లాడినారు. పక్కనే ఉన్న శివకాశిలో 1972లో ముత్తు కామిక్స్ మొదలైంది. అందులో ఇరుంబుక్కై మాయావి అంటే మాకు ప్రాణం. కరెంటు షాకు తగిలితే ఒళ్ళంతా మాయమైపోయి, ఉక్కు చెయ్యి ఒక్కటే గాలిలో కనిపించేది. అతడు బ్రిటన్ పత్రికలో పుట్టిన వీరుడని మాకు అప్పుడు తెలియదు. మాకు దొరికిన మొదటి పుస్తకానికి అట్టే లేదు, ముందర నాలుగు పేజీలూ లేవు. అయినా చదివినాము. తెలియనిది పక్కన కూర్చున్న అన్నను అడిగినాము. అన్నకూ తెలియకపోతే ఊహించుకున్నాము.

ఇప్పుడు మా ఇంటి పెద్ద మనవరాలు పదకొండో తరగతి. స్పైడర్‌మ్యాన్ సినిమాలు చూసి, పుస్తకాలు కూడా చదవాలని ఆశపడింది. ఎక్కడ మొదలుపెట్టాలి అని ఇంట్లో కామిక్స్ బాగా ఎరిగిన మామను అడిగింది. ఆయన చెప్పకుండా పరీక్ష పెట్టినాడు. గ్వెన్ స్టేసీ ఏ సంచికలో చచ్చిపోయింది? ఎక్స్‌మెన్ పాత జట్టు ఎవరు, కొత్త జట్టు ఎవరు? పిల్లకు ఒక్కటీ తెలియలేదు. "ముందు 1961 నుంచి వరసగా చదువుకొని రా, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. పిల్ల మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆయన మీద మాకు కోపం వచ్చింది. కానీ ఆయన చెప్పిన పని సాధ్యమేనా అని కూడా చూడాలి. ఇప్పటి మార్వెల్ లోకం 1961 నవంబరు తేదీతో వచ్చిన ఫెంటాస్టిక్ ఫోర్ మొదటి సంచికతో మొదలైంది. స్టాన్ లీ, జాక్ కిర్బీ చేసినది. మరుసటి ఏడు స్పైడర్‌మ్యాన్ వచ్చినాడు. అప్పటినుంచి కథ ఆగలేదు. డగ్లస్ వోక్ అనే అమెరికా రచయిత ఆ సూపర్‌హీరో పుస్తకాలన్నీ, సుమారు 27,000, పేజీల్లో చెప్పాలంటే 5 లక్షల పైచిలుకు, చదివి 2021లో ఒక పుస్తకం రాసినాడు. అన్నీ చదివిన ఆ మనిషే, మొదటినుంచీ వరసగా చదవడం మంచి దారి కాదంటాడు.

అసలు ఆ కథలు అట్లా చదవడానికి పుట్టినవి కావు. 1960లలో అవి పత్రికల అంగళ్ళలో, మందుల షాపుల్లో, తిరిగే కంబీ స్టాండ్లలో పెట్టి 12 సెంట్లకు అమ్మేవాళ్ళు. పోయిన నెల కొన్న పిల్లవాడే ఈ నెలా కొంటాడనే నమ్మకం లేదు. అందుకే ప్రతి సంచికలోనూ వీడెవడు, వీడికి ఏం శక్తి అని రెండు మాటల్లో చెప్పేవాళ్ళు. పాత సంగతి ఏదైనా వస్తే ఒక చుక్క గుర్తు పెట్టి, బొమ్మ అడుగున చిన్న డబ్బాలో "ఇది ఫలానా సంచికలో జరిగింది" అని సంపాదకుడు రాసేవాడు. అంతే. కథ నడిచిపోతుంది. కావలసినవాడు వెతుక్కుంటాడు.

తర్వాత తర్వాత కామిక్స్‌కే ప్రత్యేకంగా అంగళ్ళు వచ్చినాయి. అక్కడికి వచ్చేవాళ్ళు నెలనెలా వచ్చేవాళ్ళే. ఎక్స్‌మెన్ కథను క్రిస్ క్లేర్‌మాంట్ 1975 నుంచి 1991 దాకా పదహారేళ్ళు ఒక్క చేతి మీద నడిపినాడు. గొప్ప కథే, మేమూ ఒప్పుకుంటాము. కానీ ఎవరు ఎవరికి ఏమవుతారో కొత్తవాళ్ళకు అంతుపట్టడం కష్టమైంది. మన పెళ్ళిళ్ళలో చుట్టరికాలు చెప్పుకున్నట్టే.

కొత్తవాళ్ళ కోసం కంపెనీలు ఇంకో ఉపాయం చేసినాయి. పాతదంతా పక్కన పెట్టి మళ్ళీ ఒకటో నంబరు వేయడం. మార్వెల్ 2000లో అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ అని వేరే లోకంలో కథ తిరగ మొదలుపెట్టింది. డీసీ కంపెనీ 2011లో ఏకంగా 52 పత్రికలను ఒకటో నంబరు నుంచి వేసింది. కొన్నాళ్ళు బాగా అమ్ముడుపోయినాయి. కానీ అయిదేళ్ళు తిరిగేసరికి డీసీ తుడిచేసిన పాతదాన్ని కొంత మళ్ళీ తెచ్చుకోవలసి వచ్చింది. అల్టిమేట్ లోకానికీ దాని పాత చరిత్ర దానికి పేరుకుపోయింది, 2015లో దాన్ని ముగించినారు. పాతదాన్ని చెరిపేస్తే కొత్తవాళ్ళకు సులువవుతుందనుకోవడం పొరపాటు. వాళ్ళు వచ్చిందే ఆ పాత ఇంటి వాసన తగిలి.

మా మాట ఇది: మొత్తం చదివితేనే రావాలనడమూ తప్పే, మొత్తం చెరిపేస్తాం రమ్మనడమూ తప్పే. ఆ చుక్క గుర్తు పద్ధతే మంచిది. చేతికి దొరికిన కథ చదవనివ్వాలి, అడిగినప్పుడు రెండు మాటల్లో చెప్పాలి. పాత పాఠకుడికి ఉన్న జ్ఞానం తక్కువదని కాదు. ఆ జ్ఞానం ఉండేది పక్కన కూర్చొని చెప్పడానికి, గుమ్మంలో అడ్డం నిలబడడానికి కాదు.

ఇంతకీ మన సంగతి. ఆ పిల్ల మామ దగ్గర తల వంచుకొని వచ్చిన నెలలోనే మా కులదేవత పొంగలి వచ్చింది. బంధువులందరూ కూడినారు. పిల్ల ధైర్యం చేసి తెలుగులో "అవ్వ వచ్చినాడు" అనింది. అందరమూ పకపకా నవ్వినాము. అవ్వకు మీసాలు ఎప్పుడు వచ్చినాయే అని ఎగతాళి చేసినాము. ఆ రోజునుంచి మేము తెలుగులో ఏం అడిగినా తమిళంలోనే జవాబు. మామ మీద కోపగించుకున్న మేము చేసింది మాత్రం వేరేనా? ఆయన గ్వెన్ స్టేసీని అడిగినాడు, మేము వ్యాకరణం అడిగినాము.

పోయిన సెలవుల్లో ఆమెకు మిస్ మార్వెల్ మొదటి సంపుటం కొనిచ్చినాము. జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ కుటుంబం పిల్ల, కమలా ఖాన్, 2014లో వచ్చిన కథ. రాసింది జి. విల్లో విల్సన్. 2015లో హ్యూగో బహుమతి వచ్చింది. ఆ కమల తనే సూపర్‌హీరోలంటే పిచ్చి ఉన్న అభిమాని, వాళ్ళ మీద సొంతంగా కథలు రాసుకుంటుంది. శక్తి వచ్చిన మొదటి రాత్రి తన రూపం వదిలేసి బంగారు జుట్టు అమెరికా వీరవనితలా మారిపోతుంది. తర్వాత తెలుస్తుంది, తన ముఖంతోనే ఆ పని చేయవచ్చునని. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష ఉన్న మన పిల్లలకు ఇది విడమరచి చెప్పాల్సిన పని లేదు.

రెండు రోజుల్లో చదివేసింది. తర్వాత మూడు ప్రశ్నలు అడిగింది. మామ ఈసారి పరీక్ష పెట్టలేదు, మూడింటికీ జవాబు చెప్పి ఊరుకున్నాడు. ఇప్పుడు ఆమె వెనక్కి, 1970ల ఎక్స్‌మెన్ దాకా తనంతట తానే పోతోంది.

మొన్న ఫోనులో, మన వాళ్ళు ఏ ఊరినుంచి ఇక్కడికి వచ్చినారు అని అడిగింది. తెలుగులోనే. వాక్యంలో రెండు తప్పులు ఉన్నాయి. ఎవరమూ దిద్దలేదు. తెలిసినంతవరకు చెప్పినాము.