అద్దెకు ఇవ్వబడును

కిందటి నెల మా అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. బీబీపేటలో మా వీధి వీధంతా సంతోషించింది. మా ఆవిడ గుడిలో కొబ్బరికాయ కొట్టి వచ్చి, ఆ ముక్కలు పంచడం పూర్తికాకముందే అసలు ప్రశ్న వేసింది: ‘పిల్ల ఉండేదెక్కడ?’ అబ్బాయి కూడా అక్కడే ఇంజనీరింగు చదువుతున్నాడు గనుక అక్కాతమ్ముళ్లిద్దరికీ కలిపి చిన్న ఇల్లొకటి చూద్దామనుకున్నాం. చిన్న ఇల్లు! ఎంత సులువుగా అనేశామో చిత్తగించండి.

నేను ఉస్మానియాలో ఎం.ఏ. చదివే రోజుల్లో నలుగురం కలిసి విద్యానగర్‌లో ఒక గదిలో ఉండేవాళ్లం. అద్దె పన్నెండు వందలు, తలా మూడు వందలు. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు, మాదాపూర్ బండరాళ్ల మధ్యకు ఎవడు పోతాడని నవ్వుకున్న తెలివైనవాళ్లలో నేనూ ఒకణ్ణి. పోయినవాళ్లు పోయారు, వాళ్లు పోయిన దారి పొడుగునా అద్దెలు పెరిగాయి.

ఆదివారం నాడు తండ్రీకూతుళ్లం కూకట్‌పల్లి సందులన్నీ తిరిగాం. రెండు పడకగదుల ఇల్లు ఇరవైనాలుగు వేలు. లిఫ్టుకూ నీళ్లకూ వాచ్‌మనుకూ కలిపి మెయింటెనెన్సు మరో రెండున్నర వేలు. అడ్వాన్సు రెండు నెలలు, చూపించిన పుణ్యానికి బ్రోకరుకు ఒక నెల. ఖాళీ చేసే రోజున రంగుల ఖర్చు కింద ఇంకో నెల అద్దె పట్టుకుంటారట. ఇంట్లో కాలు పెట్టకముందే వెళ్లిపోయే ముచ్చట! “అంతెందుకండీ?” అంటే, “మెట్రో స్టేషనుకు అయిదు నిమిషాల నడక సార్” అన్నారు. 2017 నవంబరులో మియాపూర్ నుంచి నాగోలు దాకా రైలు వచ్చినప్పుడు ప్రయాణ ఖర్చు కలిసొస్తుందని సంతోషించాం. ఆ కలిసొచ్చింది కాస్తా ఇంటివారి పెట్టెలో చేరిపోయిందన్నమాట.

చట్టం లేదా అంటారు. ఉంది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం మనకు ఇప్పటికీ ఉంది. కాని 2005లో చేసిన సవరణ పుణ్యమా అని, నగరపాలక సంస్థల్లో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలు దాని నీడలోకి రావు. నేను చూసిన ఇళ్లలో వంటగది మాత్రమే అద్దెకు తీసుకున్నా అంతకు రాదు. 2021లో కేంద్రం ఒక మాదిరి అద్దె చట్టాన్ని ఆమోదించింది. నివాసాలకు అడ్వాన్సు రెండు నెలలు దాటరాదు, అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు చెప్పాలి అని అందులో ఉంది. అయితే మాదిరి మాదిరే. దాన్ని చట్టంగా చేసుకోవలసింది రాష్ట్రాలు.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఒక ఇంటాయన అద్దె చెప్పి, మంచినీళ్లిచ్చి, పిల్లలు మాత్రమే ఉంటారంటే కాస్త ముఖం చిట్లించి, చివరికి మెల్లగా అడిగాడు: “ఇంతకీ మీరేమిట్లండీ?”

నేను గొంతు సవరించుకుంటున్నాను. చెప్పేసేవాణ్ణే, నిజం ఒప్పుకోవాలి. ఇంతలో మా అమ్మాయి, “ఒకటో తారీఖున అద్దె కట్టేవాళ్లం అంకుల్” అంది. ఆ ఇల్లు మాకు దక్కలేదు. బస్సులో నేను కోప్పడితే, “క్లాసులో మీరు చెప్పే పాఠాలు ఏంది నాన్నా మరి?” అని కిటికీ వైపు తిరిగింది. కామారెడ్డి దాకా మాటల్లేవు.

ఆఖరికి నిజాంపేటలో పద్దెనిమిది వేలకు నాలుగో అంతస్తులో దొరికింది. ఆఫీసుకు రెండు వాహనాలు మారాలి.

మరునాడు సాయంత్రం మా ఇంటికి ఒకావిడ వచ్చింది. మా ముందరి పోర్షను రెండు నెలలుగా ఖాళీగానే ఉంది. కొత్తగా బదిలీ మీద వచ్చిన నర్సమ్మ, చంకలో పిల్ల. మా ఆవిడ కుర్చీ వేసి, చాయిచ్చి, ఎంతో ఆప్యాయంగా, “ఏమోళ్లమ్మా మీరు?” అని అడిగింది.

లోపల బట్టలు సర్దుకుంటున్న మా అమ్మాయి చేతులాగిపోయాయి. నావైపే చూస్తోంది. ఆ నర్సమ్మ ఇంకా నోరు విప్పకముందే, “రేపే సామాను తెచ్చుకో తల్లీ, నీళ్లకు కరువులేదు” అనేశాను. మా ఆవిడ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

అద్దె మాత్రం పాతవాళ్లిచ్చిన రెండున్నర వేలకు మరో అయిదు వందలు కలిపి చెప్పాను. ఆ సంగతి మా అమ్మాయికి ఇంకా తెలియదు.