వెబ్‌సైట్ కడితే ఆటగాళ్ళు దొరుకుతారా?

మన ఐటీ జనాలకో జబ్బుంది. ఎక్కడ ఏ కష్టం కనపడ్డా "దీనికో పోర్టల్ కడదాం" అంటాం. వరదొస్తే పోర్టల్, రక్తం కావాలంటే పోర్టల్, రైతుకి ధర రావట్లేదంటే యాప్. ఇప్పుడు కొత్తగా ఇంకోటి బయల్దేరింది. అమెరికా వెళ్ళొచ్చి, అక్కడి కాలేజీ బాస్కెట్‌బాల్ పిచ్చి బాగా ఎక్కించుకున్న మిత్రులు కొందరు నాది భద్రాచలం వైపని తెలిసి తెగ ఉత్సాహపడిపోతున్నారు. "మీ ఏజెన్సీ పిల్లలు రాయిలా ఉంటారు. ఆడేటప్పుడు వీడియోలు తీసి సైట్లో పెడదాం, ఇన్‌స్టాగ్రామ్‌లో తోద్దాం. కాలేజీలే వచ్చి ఎగరేసుకుపోతాయి, అక్కడ అంతా అలానే జరుగుతోంది" అని వీళ్ళ వాదన.

మంచి మనసే, కాదన్ను. కానీ అక్కడ జరిగేదాంట్లో వీళ్ళు సగమే చూశారు. ఆ సగాన్ని తెచ్చి చర్ల అడవిలో నాటితే మొలిచేదేమీ ఉండదు.

ముందు అమెరికా సంగతి చూద్దాం. ఎన్సీఏఏ మొదటి డివిజన్‌లో బాస్కెట్‌బాల్ జట్లున్న కాలేజీలు 350 పైచిలుకు. 2024-25 సీజన్ దాకా మగపిల్లల జట్టు ఒక్కొక్కదానికి 13 పూర్తి స్కాలర్‌షిప్‌లు ఉండేవి. ఐవీ లీగ్ లాంటివి ఆట చూసి స్కాలర్‌షిప్ ఇవ్వవు. వాటిని తీసేసినా మొత్తం నాలుగు వేల పైనే. (కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత 2025-26 నుంచి లెక్క జట్టుకి 15 మంది అని మారింది.) అంటే ముందు సీటుంది. ఆ సీట్లో సరైనవాణ్ణి కూర్చోబెట్టకపోతే ఉద్యోగం ఊడే కోచ్ ఉన్నాడు. వాడి కింద దేశం మీద పడి తిరిగే అసిస్టెంట్లున్నారు. వెబ్‌సైటూ, ట్వీట్లూ, హైలైట్ వీడియోలూ ఇవన్నీ అయ్యాక వచ్చినవి. కాలేజీ సైట్లో "మా జట్టులో ఆడాలనుందా, ఈ ఫారం నింపు" అని ఉంటుందంటే, నింపిన ఫారం చదవడానికి అవతల జీతం తీసుకునే మనిషున్నాడన్నమాట.

ఆ వెంటపడటం ఎంత ఎక్కువైందంటే, దానికి పగ్గం వెయ్యటానికి వాళ్ళకి రూలు మీద రూలు కావాల్సొచ్చింది. 2007లో ఎన్సీఏఏ కోచ్‌లు పిల్లలకి ఎస్సెమ్మెస్‌లు పంపటాన్నే నిషేధించింది. రాత్రీ పగలూ మెసేజిలు, పైగా వాటి బిల్లు ఆ పిల్లలదే. మగపిల్లల బాస్కెట్‌బాల్‌కి ఆ నిషేధం 2012లో ఎత్తేశారు. 2016లో ఇంకో ముచ్చట: కుర్రాడి పోస్టుని కోచ్ లైక్ కొట్టొచ్చు, రీట్వీట్ చెయ్యొచ్చు, కామెంట్ మాత్రం రాయకూడదు! మన ప్రొడక్షన్ సర్వర్ యాక్సెస్ రూల్స్ కూడా ఇంత ఖచ్చితంగా ఉండవు. ఇంకో తేదీ కూడా గుర్తుపెట్టుకోండి. వాళ్ళ లెక్కలో పదో తరగతి అయిపోయాక వచ్చే జూన్ 15 నుంచి కోచ్ ఆ కుర్రాడికి నేరుగా ఫోన్ చెయ్యొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. మన పిల్లాడిదీ సరిగ్గా అదే వయసు, అదే నెల. పదో తరగతి అయింది. వాడికి ఎవరు ఫోన్ చేస్తారు?

చేస్తారండీ, ఎందుకు చెయ్యరు! కార్పొరేట్ కాలేజీ పీఆర్వో చేస్తాడు. రిజల్ట్స్ రాకముందే వాడి దగ్గర మీ నాన్న నంబరుంటుంది, మీ మావయ్య నంబరూ ఉంటుంది. ఇంటికొస్తాడు, మంచినీళ్ళు తాగుతాడు, "బాబుకి లెక్కల్లో ఎంతొస్తున్నాయ్" అంటాడు. మంచి మార్కులొచ్చే పిల్లాడైతే ఫీజు సగం, ఇంకా మంచోడైతే మొత్తం మాఫీ, ఆపైన హాస్టల్ కూడా ఫ్రీ. పక్క కాలేజీవాడు వచ్చాడని తెలిస్తే రాత్రికి రాత్రి రేటు మారిపోతుంది. మళ్ళీ ర్యాంకులొచ్చిన రోజు టీవీలో "ఒకటీ ఒకటీ ఒకటీ, రెండూ రెండూ, మూడూ మూడూ.." అని గుక్కతిప్పుకోకుండా చదువుతారు. పేపర్ మొదటి పేజీ నిండా పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు. ఇది రిక్రూట్‌మెంట్ కాదా? స్కౌటింగుంది, ఇంటికెళ్ళి మాట్లాడ్డముంది, స్కాలర్‌షిప్పుంది, ప్రచారముంది. అమెరికా కోచ్‌ల దగ్గరున్నవన్నీ మన పీఆర్వోల దగ్గరున్నాయి. లేనిదల్లా వాళ్ళకి పగ్గం వేసే ఎన్సీఏఏ.

కాబట్టి "మనవాళ్ళకి పిల్లల్ని వెతకటం చేతకాదు, టెక్నాలజీతో నేర్పిద్దాం" అనే మాట నా దగ్గర చెల్లదు. మనవాళ్ళు భేషుగ్గా వెతుకుతారు. ర్యాంకు కోసం వెతుకుతారు, అంతే. మారుమూల మండలంలో వాలీబాల్ నెట్ మీదికి మనిషెత్తు లేచి కొట్టే పిల్ల వాళ్ళ ఎక్సెల్ షీట్‌లో ఏ కాలమ్‌లోనూ పట్టదు. సెల్ టవర్లు గూడేల దాకా వస్తూనే ఉన్నాయి, అక్కడి పిల్లలూ రీల్స్ చూస్తున్నారు, చేస్తున్నారు. కనపడకపోవటం కాదు సమస్య.

ఆ తర్వాత ఇంటర్ రెండేళ్ళు. అక్కడి కోచ్‌లు కుర్రాణ్ణి కళ్ళలో వత్తులేసుకుని చూసే వయసది. మనం అదే రెండేళ్ళు వాణ్ణి అద్దె బిల్డింగులో మూడో అంతస్తులో పెట్టి స్టడీ అవర్స్ అంటాం. గ్రౌండ్ అనే మాట బ్రోషర్‌లో తప్ప ఉండదు. అప్పటిదాకా నేర్చుకున్న ఆట అక్కడే చచ్చిపోతుంది. మీలో ఎంతమంది పదో తరగతి దాకా ఖోఖోనో కబడ్డీనో ఆడి ఆ రెండేళ్ళలో వదిలేశారో, మీరే లెక్కేసుకోండి.

ఇహ ఇంజినీరింగ్ కాలేజీల వెబ్‌సైట్లు. కొత్తగూడెంలో రైలు ఆపి "భద్రాచలం రోడ్" అని బోర్డు పెట్టారు చూడండి, రాముడి గుడి అక్కణ్ణుంచి ఇంకో నలభై కిలోమీటర్లు! కాలేజీ సైట్లలో బాస్కెట్‌బాల్ కోర్టు ఫొటో కూడా అలాంటిదే. బోర్డుంటుంది, ఊరు మాత్రం దూరం. నేను చదివిన కాలేజీ సైట్లో నీలం రంగు కోర్టు మెరిసిపోతూ ఉండేది. నాలుగేళ్ళలో దాని మీద ఫ్రెషర్స్ డేకి షామియానా వెయ్యటం చూశాను, ఫ్యాకల్టీ కార్లు పెట్టటం చూశాను, ఒక రింగు ఊడిపోవటం చూశాను. ఆ ఫొటో ఆటగాడి కోసం పెట్టింది కాదండీ. ఫీజు కట్టే నాన్న కోసం పెట్టింది. అక్కడి సైటు ఆటగాణ్ణి వెతకటానికైతే ఇక్కడిది సీటు అమ్ముకోవటానికి. రెంటినీ ఒకటే అనుకోవటం దగ్గరే మనవాళ్ళ పోర్టల్ పునాది కుంగిపోయింది.

సర్కారు వైపు స్పోర్ట్స్ కోటా లేదా అంటారా? ఉంది. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) సీట్లలో అర శాతం. రెండొందల సీట్లకి ఒకటి. అది కూడా ఆడినందుకు ఇచ్చే బహుమతే గానీ, ఇకముందు ఆడమని ఇచ్చే సీటు కాదు. సర్టిఫికెట్ చూపించి చేరాక చాలా ప్రైవేట్ కాలేజీల్లో "రేపు ప్రాక్టీసుకి రా" అనే మనిషే ఉండడు.

మరి మా అడవి అంచు నుంచి పైకొచ్చినవాళ్ళు ఎలా వచ్చారు? సాధనపల్లి ఆనంద్ కుమార్‌ది చర్ల మండలం. అన్నపురెడ్డిపల్లి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివాడు. 2014 మే 25న మాలావత్ పూర్ణతో కలిసి ఎవరెస్ట్ ఎక్కాడు. వాడిదీ నాదీ దాదాపు ఒకే వయసు. వాడు మంచులో ఉన్న ఆ నెలలో నేను విజయవాడ హాస్టల్లో ఎంసెట్ బిట్లు బట్టీ పడుతున్నాను. వాణ్ణి ఏ వీడియో చూసి తీసుకోలేదు. గురుకులాల సంస్థే తన బడుల్లో పిల్లల్ని ఎంపిక చేసి భువనగిరి గుట్ట ఎక్కించింది, డార్జిలింగ్ పంపింది, లడఖ్ పంపింది, వడపోసి ఇద్దర్ని మిగిల్చింది. తిండి, బూట్లు, శిక్షణ, ప్రయాణం అన్నీ ఒకరే భరించారు.

రెండో పేరు గొంగడి త్రిష, భద్రాచలం అమ్మాయి. 2023లోనూ 2025లోనూ అండర్-19 టీ20 ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉంది. రెండోసారి టోర్నీ మొత్తానికే ఉత్తమ క్రీడాకారిణి, స్కాట్లాండ్ మీద 110 నాటౌట్. ఆ అమ్మాయిని కనిపెట్టింది ఎవరు? వాళ్ళ నాన్న. ఫిట్‌నెస్ ట్రైనరు కాబట్టి కూతురి ఆట ఆయనకి అర్థమైంది, చిన్నప్పుడే సికింద్రాబాద్‌కి మకాం మార్చేశాడు. జిమ్మూ పొలమూ అమ్ముకున్నాడని పేపర్లు రాశాయి. ఏ గూడెంలో ఏ నాన్న దగ్గర అమ్ముకోవటానికి జిమ్ముంది?

మిత్రులు వెంటనే సత్నామ్ సింగ్ పేరెత్తుతారు. 2015లో డల్లాస్ జట్టు ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో తీసుకున్న పంజాబీ కుర్రాడు. నిజమే, పల్లెటూరివాడే. కానీ వాడికి ముందు లుథియానాలో అకాడమీ ఉంది, అందులో కోచ్ ఉన్నాడు, 2010లో ఫ్లోరిడాలో సీటు దొరికింది.

ఇంకో చిక్కు మా ప్రాంతానికే ప్రత్యేకం. 2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం, వీఆర్ పురం లాంటి మండలాలు ఆంధ్రకి వెళ్ళాయి. ఎటపాక భద్రాచలాన్ని ఆనుకునే ఉంది, కానీ రాష్ట్రం వేరు. సంతకి ఇటొచ్చే పిల్ల స్టేట్ సెలక్షన్స్‌కి మాత్రం అటెక్కడికో పోవాలి. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడ్డ గుత్తికోయల పిల్లలకి కుల ధ్రువీకరణ దగ్గరే బండి ఆగిపోతుంది. వీడియోకి లక్ష లైకులొచ్చినా ఆ కాగితం రాదు.

పైగా ఇవి మైనర్ల వీడియోలు. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వాళ్ళ సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి, అదీ సరిచూసుకోదగ్గది, తప్పనిసరి. ఆఫీసులో దీని మీద ట్రైనింగ్ తీసుకుని క్విజ్ కూడా పాసైనవాళ్ళం, గూడెం పిల్లల దగ్గరికొచ్చేసరికి మర్చిపోతామా? పేరూ ఊరూ ఎత్తూ బరువూ బయట పెడితే ముందు చూసేది కాలేజీ కోచ్ కాదు, "సెలక్షన్ ఇప్పిస్తాం, డబ్బు కట్టండి" అనే బ్రోకరు. అమెరికాలో కూడా మీ పిల్లాణ్ణి కోచ్‌ల కంట్లో పడేస్తాం అని తల్లిదండ్రుల దగ్గర డబ్బు గుంజే సర్వీసులున్నాయి.

సరే, కట్టకుండా ఉండలేం, చేతులు దురదపెడుతున్నాయి అంటారా? అయితే టేబుల్ తిప్పి కట్టండి. వరసల్లో పిల్లల పేర్లొద్దు, కాలేజీల పేర్లు పెట్టండి. ఆటకి ఇచ్చే సీట్లెన్ని, ఏ ఆటకి, కోచ్ ఎవరు, హాస్టల్ ఖర్చు ఎవరిది, సెలక్షన్ ఏ తేదీన, పోయినేడు ఎంతమందిని తీసుకున్నారు అన్నవే కాలమ్స్. తెలుగులో పెట్టండి, పాల్వంచ దగ్గర కిన్నెరసాని క్రీడా పాఠశాలలో పీఈటీ సారు ఫోన్‌లో తెరుచుకునేలా. ఖాళీగా ఉన్న గడి ఖాళీగానే కనపడాలి, కాలేజీ పేరుతో సహా. ఎవరికివారు చదివిన కాలేజీతో మొదలుపెట్టొచ్చు. పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో సెక్రటరీ గారు కూడా ఉంటారు కదా, పుట్టినరోజు శుభాకాంక్షల మధ్యలో కోచ్ పేరేంటో అడగండి.

డబ్బు పెడతామనేవాళ్ళుంటే దానికీ చోటుంది. సెలక్షన్ హైదరాబాద్‌లో అయితే భద్రాచలం నుంచి మూడొందల కిలోమీటర్ల పైమాట, చర్ల నుంచైతే ఇంకో అరవై. పిల్లకి ఒక టిక్కెట్టు, తోడొచ్చే అమ్మకి ఇంకోటి. అమ్మకి ఆ రెండ్రోజుల కూలీ కూడా లెక్కలో వెయ్యండి.